తొమ్మిదో స్మిత్ గారి ఎర్రదుమ్ము

"నాగరికత అంటే మనిషికి పట్టిన తుప్పు! ఆ తుప్పుని సముద్రపు గాలితో గీకి పారేసే మహోద్యమమే క్యాంపింగ్!"

ఈ మహావాక్యాన్ని ఫెర్గస్ జనవరి మొదటి శనివారం మెల్‌బోర్న్‌లోని తన వంటింట్లో ప్రకటించాడు. ఏసీ గాలి సరిగ్గా నడినెత్తిన పడే చోటు వెతుక్కుని మరీ నిలబడి ప్రకటించాడు. బయట నలభై ఒక్క డిగ్రీలు, లోపల ఇరవై రెండు.

అతని భార్య టెగన్ సింకు మీదకి వంగి, మోచేతుల దాకా రసం కారుతుంటే మామిడిపండు జుర్రుకుంటోంది.

"సముద్రపు గాలికే కదా తుప్పు పట్టేది?" అంది.

ఫెర్గస్‌కి వినపడలేదు. ప్రకటనలు చేసేటప్పుడు అతనికి చెవులు పనిచెయ్యవు. పైగా ఉద్యోగం నగర పాలక సంస్థలో, పార్కింగ్ బోర్డుల విభాగంలో! "సోమ నుంచి శుక్ర వరకు, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు వరకు, రెండు గంటలు, పర్మిట్ గలవారు మినహా" లాంటి అమరవాక్యాలన్నీ ఆ చేత్తో రాసినవే. అలాంటి మనిషి అడవికి వెళ్తే, అడవే ఇతని నిబంధనలు చదువుకుని సర్దుకోవాలి.

అతని బండి సంగతి కూడా చెప్పుకోవాలి. అది నాలుగు చక్రాలూ లాగే బండి. పక్కన ఏనుగు తొండంలాంటి గొట్టం ఉంది. నడినదిలో మునిగినా ఇంజనుకి ఊపిరాడాలని! ఇప్పటివరకు ఆ బండి దిగిన అత్యంత లోతైన నీళ్ళు కార్లు కడిగే దుకాణంలోవి. ఇసకలో దిగబడితే చక్రాల కింద వెయ్యడానికి నెత్తిన రెండు నారింజరంగు పలకలున్నాయి, వాటికి కొట్టువాడు అంటించిన చీటీ కూడా ఊడలేదు. ముందు లారీని లాగగల ఇనపతాడు చుట్టి ఉంది. అది లాగింది ఒక్కదాన్నే, పక్కింటి వాళ్ళ క్రిస్మస్ చెట్టుని.

ఇంత సరంజామా ఎందుకంటే 'తూర్పు తీర నిజ క్యాంపర్ల సంఘం' కోసం. 'నిజ' అన్న మాట లేకపోతే అబద్ధపు క్యాంపర్లు చొరబడతారట. అందులో పూర్తి సభ్యత్వం రావాలంటే సముద్రతీరాన ఏడు రాత్రులు గడపాలి. కరెంటు ప్లగ్గు ఉండకూడదు, వేడినీళ్ళ స్నానం ఉండకూడదు, నెత్తిమీద గుడ్డ తప్ప కప్పు ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, బండి మీద దుమ్ముండాలి. ఎర్రదుమ్ము! బండి కడిగినవాడు వెళ్ళనివాడి కిందే లెక్క. ఆ ఎర్రదుమ్ము దేశం నడిబొడ్డున, సముద్రానికి వారం రోజుల దూరంలో ఉంటుంది కదా, తీరం వెంట తిరిగిన బండికెలా వస్తుందని ఎవరూ అడగరు. అడిగితే అడిగినవాడి బండి మీది దుమ్ము గురించి కూడా అడుగుతారు!

"ఇది నాకు మూడో ఛాన్సు, టెగ్," అన్నాడు ఫెర్గస్, గొంతు తగ్గించి. "మొదటేడు బండి గేటు దాటకుండానే నాకు కడుపునొప్పొచ్చింది. రెండో ఏడు గేటులోనే బ్యాటరీ పోయింది. ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తారు, శాశ్వతంగా! ఆఫీసులో అందరికీ సభ్యుణ్ణయిపోయానని చెప్పేశాను. కాఫీ కప్పు మీద సంఘం ముద్ర కూడా వేయించుకున్నా."

"కప్పు పగిలిపోయిందని చెప్పు."

"టెగ్!"

"సరే సరే. నాకు మాత్రం మూడు కావాలి. ఈత, పుస్తకం, మధ్యాహ్నం నిద్ర. ఏడాదంతా పిల్లుల పళ్ళు తోమీ తోమీ చేతులు పడిపోయాయి." టెగన్ పశువుల ఆస్పత్రిలో నర్సు.

"అన్నీ ఉంటాయి! చివర్లో నువ్వు చిన్న సంతకం పెడితే చాలు."

అసలు గొడవంతా అక్కడే ఉంది. ఏడు రాత్రులూ నియమం తప్పలేదని జీవిత భాగస్వామి సంఘం ముందు సాక్షి సంతకం పెట్టాలి. టెగన్‌కి అబద్ధం పడదు. నోరు ఆడుతుంది గానీ మెడ ఒప్పుకోదు, నిప్పులా ఎర్రబడిపోతుంది. పెళ్ళిలో అత్తగారి టోపీ చాలా బాగుందని ఒక్క మాట అన్నందుకు, పెళ్ళి ఫోటోలన్నిటిలో ఆమె ఉడికించిన పీతలా పడింది.

"నిజం అయితే పెడతాను," అంది టెగన్, టెంకని బుట్టలోకి విసిరి.

*

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. అబ్బ, ఏం ప్రయాణం! కిటికీలు దించేశారు, గొంతులు చిరిగేలా పాటలు పాడారు. ప్రతి ఊళ్ళోనూ బేకరీ ముందు ఆగి మాంసం కూరిన వేడివేడి 'పై'లు తిన్నారు, ఒకరి గడ్డం మీది సాసు ఒకరు తుడుచుకున్నారు. నాలుగొందల కిలోమీటర్లు నున్నటి తారురోడ్డు మీద, టైరుకి గులకరాయి కూడా తగలకుండా వెళ్ళారు. పన్నెండూ ఇరవైకి మటన్‌బర్డ్ బే చేరారు. తెల్లటి ఇసక, నీలం నీళ్ళు, మనిషన్నవాడు లేడు.

ఫెర్గస్ దిగి చుట్టూ చూశాడు. అతని కళ్ళు చెమర్చాయి.

"చూశావా టెగ్? కనుచూపుమేరలో ఒక్క బోర్డు లేదు!"

బోర్డు లేదని తెలిసి కాబోలు, గాలి కూడా ఏ నిబంధనా లేకుండా వీచింది. టెంటు మేకులు ఇసకలో దిగాయి, దిగినంత మర్యాదగానూ పైకొచ్చాయి. టెంటు పట్టుకుని ఫెర్గస్ తీరం వెంట రెండుసార్లు పరిగెత్తాడు. నిజానికి టెంటే ఫెర్గస్‌ని పట్టుకుని పరిగెత్తింది. టెగన్ నవ్వీ నవ్వీ ఇసకలో కూలబడింది. అప్పుడొచ్చాయి మార్చి ఈగలు. పేరుకి మార్చి, సూదుల్లా కుట్టేది జనవరిలో!

"ఇది షెడ్యూలుకి పూర్తి విరుద్ధం!" అని అరిచాడు ఫెర్గస్, పిక్కలు కొట్టుకుంటూ.

ఎలాగో టెంటు నిలబడింది. గ్యాసు పొయ్యి మీద ఆరు సాసేజీలు వేగాయి. వాటిని పళ్ళెంలో పెట్టి వెనక్కి తిరిగేసరికి పొదల్లోంచి ఉడుము వచ్చింది. మామూలు ఉడుము కాదు, తలనుంచి తోకదాకా టెగన్ అంత పొడుగుంది! అది తొందరపడలేదు. ఆరు సాసేజీలు ఒక్కొక్కటిగా మింగింది. తర్వాత టెంట్లోకి వెళ్ళి పరుపెక్కి, ఫెర్గస్ దిండుని ఉడుంపట్టు పట్టి పడుకుంది.

ఫెర్గస్ కొయ్య సుత్తి చేత్తో పట్టుకుని టెంటు గుమ్మం ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూడండి. ఇది ఇద్దరు వ్యక్తులకి మాత్రమే కేటాయించిన టెంటు. దయచేసి ఖాళీ చెయ్యాలి."

ఉడుము చీలిన నాలుక బయటపెట్టి లోపలికి లాక్కుంది. దరఖాస్తు తిరస్కరించబడింది.

అది కునుకు తీసి, లేచి, తనంతట తాను కదిలేదాకా భార్యాభర్తలిద్దరూ బండి నెత్తిమీద నారింజ పలకలపై కూర్చున్నారు. ఆ పలకలు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాయి! అది పొదల్లోకి పోగానే దిగి, అంతా చుట్టబెట్టి బండి వెనక తగిలించిన ట్రెయిలర్లో పడేశారు. టెగన్ వాచీ చూసుకుంది. నాలుగున్నర.

"నాలుగు గంటల పది నిమిషాలు," అంది.

"దీన్ని పారిపోవడం అనరు. వ్యూహాత్మక ఉపసంహరణ అంటారు," అన్నాడు ఫెర్గస్, బండి స్టార్ట్ చేస్తూ. "ఈ ఒక్క రాత్రికే!"

*

ఎనిమిది కిలోమీటర్ల అవతల నోలీన్ గారి కారవాన్ పార్కు ఉంది, బండ్లూ టెంట్లూ పెట్టుకోవడానికి స్థలం అద్దెకిచ్చే చోటు. నోలీన్‌కి అరవై దాటాయి. కాళ్ళకి హవాయి చెప్పులు, చెవి వెనక పెన్సిలు, పార్కంతా తిరగడానికి బ్యాటరీ బండి ఆవిడ ఆస్తి. కౌంటర్ మీద లావుపాటి రిజిస్టరు తెరిచింది.

"కరెంటు సైటేగా? పేరు?"

ఫెర్గస్ అటూ ఇటూ చూశాడు. "స్మిత్."

నోలీన్ తల ఎత్తలేదు. "ఈ వారానికి మీరు తొమ్మిదో స్మిత్ కుటుంబం. మొదట వచ్చినాయన నిజంగా స్మిత్తేమోనని రెండుసార్లు అడిగాను, పాపం చెమటలు పట్టాయి. సైటు పదిహేడు తీసుకోండి. స్నానాల గది పక్కనే. వేడినీళ్ళు ఎంతసేపైనా వస్తాయి. టెన్నిస్ కోర్టు వైపు మాత్రం ఎవరూ పోవద్దు. ఈమధ్య అది రోజురోజుకీ కుంగిపోతోంది, ఎందుకో అర్థం కావట్లేదు."

వేడినీళ్ళు అన్న మాట దగ్గరే టెగన్ మిగతా ప్రపంచాన్ని మర్చిపోయింది.

సాయంత్రం అయిదు కావస్తోంది. అంటే పార్కులోవాళ్ళంతా ఎవరి కుర్చీ వాళ్ళు, ఎవరి బీరు వాళ్ళు తెచ్చుకుని దారి పక్కన వరసగా చేరే వేళ. ఎందుకంటే కొత్తగా వచ్చినవాడు ట్రెయిలర్‌ని రివర్సులో సైట్లో పెట్టడాన్ని మించిన వినోదం ఆ తీరంలో లేదు.

"ఎడమకి కొయ్యి గురూ, ఎడమకి!"

"వాడి ఎడమ కాదురా, ట్రెయిలర్ ఎడమ!"

"పోయినేడు ఒకాయన తిన్నగా బాత్‌రూం గోడలోకి ఎక్కించాడు. ఇతను నయం, చెట్టు దగ్గర ఆగాడు."

"ఆగలేదు, చెట్టే ఆపింది!"

ఏడోసారి ట్రెయిలర్ అడ్డం తిరిగేసరికి, ఒడిలో కుక్కపిల్లని పెట్టుకున్న ముసలావిడ లేచి నిలబడింది. "ఒరేయ్ నాయనా, ఆ పిల్లకివ్వరా స్టీరింగు!"

టెగన్ చిన్నప్పటి నుంచీ గుర్రాల ట్రెయిలర్లు తోలిన పిల్ల. ఎక్కింది, ఒక్క తిప్పు తిప్పింది, గూట్లో డబ్బా పెట్టినట్టు పెట్టేసింది. చప్పట్లు మారుమోగాయి. ఎవరో చల్లటి బీరు డబ్బా విసిరారు. ఫెర్గస్ ఆ సందడిలో తువ్వాలు తలకి చుట్టుకుని మొహం దాచుకున్నాడు.

టెగన్ ఆ సాయంత్రం నలభై నిమిషాలు వేడినీళ్ళ కింద నిలబడింది. బయటికొచ్చి, "ఫెర్గ్, నాగరికతకి తుప్పు పట్టలేదు, నిగనిగలాడుతోంది!" అంది.

ఆ 'ఒక్క రాత్రి' ఏడు రాత్రులయింది. పొద్దున ఈత, తర్వాత రొయ్యలు, మధ్యాహ్నం రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం జోలపాటలా వినిపిస్తుంటే నిద్ర. టెగన్ రెండు లావుపాటి నవలలు పూర్తిచేసింది. పిల్లలు ఎగిరే పెద్ద గాలిదిండు మీద ఫెర్గస్ రోజూ ఎగిరాడు, 'తనిఖీ' అని చెప్పి. అయితే రోజుకో గంట మాత్రం 'అడవి గంట' పాటించాడు. బండేసుకుని మటన్‌బర్డ్ బేకి వెళ్ళడం, ఉడుము లేదని కిటికీలోంచి రూఢి చేసుకోవడం, జుట్టు చెదరగొట్టుకుని, క్షితిజం వైపు చూస్తూ ఫోటో దిగడం, సంఘానికి పంపడం. అతని ఎడమ చేతిలోని ఐస్‌క్రీం ఫోటోలో పడకుండా తియ్యడం టెగన్ పని.

టెగన్ ఒక వింత గమనించింది. పార్కులో చాలామంది మగవాళ్ళు తువ్వాళ్ళు తలకి చుట్టుకుని, గోడల వెంబడి నడుస్తున్నారు. మూడో నంబరు క్యాబిన్లో ఒక పొడుగు గడ్డం పెద్దాయన రోజూ తువ్వాలు ముసుగేసుకుని కొబ్బరి వాసన గుప్పిస్తూ స్నానాల గదిలోంచి పరిగెడతాడు. ఎండంటే ఎంత భయం పాపం, అనుకుంది.

*

ఎనిమిదో రోజు ఆదివారం. పది గంటలకి మటన్‌బర్డ్ బేలో సంఘం సమ్మేళనం, సభ్యత్వ పరీక్ష. పొద్దున ఆరింటికి ఫెర్గస్ కెవ్వుమన్నాడు.

"టెగ్! బండి మెరుస్తోంది!"

పార్కులో గడ్డికి నీళ్ళు చల్లే గొట్టం వారం రోజులుగా బండికి కూడా అభిషేకం చేసింది. అద్దంలా ఉంది! ఏడు రాత్రులు అడవిలో ఉన్న బండి కాదది, షోరూం లోంచి దించిన బండి.

ఫెర్గస్ చూపు మెల్లగా టెన్నిస్ కోర్టు వైపు తిరిగింది. ఎర్రటి మెత్తటి మట్టి కోర్టు. అచ్చం దేశం నడిబొడ్డు రంగు!

"వద్దు," అంది టెగన్.

"ఒకే ఒక్క బకెట్టు."

వెళ్ళి చూస్తే అప్పటికే కోర్టు నిండా గోకిన గుర్తులు. నెట్టు కింద మనిషి దూరేంత సందు. ఎవరో గీత మీద కూడా పార వేశారు. "కంగారూలు!" అని తేల్చేశాడు ఫెర్గస్, బకెట్టు నింపుకుంటూ. టెగన్ నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వింది. ఇద్దరూ బండికి నీళ్ళు చల్లి, పిడికిళ్ళతో దుమ్ము కొట్టారు. అతను ఆమె ముక్కు మీద ఒక చుక్క పెట్టాడు, ఆమె అతని నెత్తిమీద మిగిలిన బకెట్టు బోర్లించింది.

"అద్భుతం! ఇప్పుడు సంతకం ఒక్కటే మిగిలింది," అన్నాడతను, దగ్గుతూ.

టెగన్ నవ్వు ఆగిపోయింది.

*

తీరం మీద ఎనిమిది బండ్లు వరసగా ఉన్నాయి, వీళ్ళది తొమ్మిదోది. అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఒకే ఎరుపు! టెగన్ మొదటి నుంచి చివరిదాకా నడుచుకుంటూ చూసింది. మూడో బండి తలుపు మీద ఎర్రదుమ్ము మధ్యలో తెల్లటి సున్నపు చార ఉంది. టెన్నిస్ కోర్టు గీతంత వెడల్పు.

సంఘం అధ్యక్షుడు వార్విక్ గారు భూతద్దం పట్టుకుని వచ్చారు. ఛాతీ దాకా తెల్లటి గడ్డం. ఫెర్గస్ బండి మీది దుమ్ముని వేలితో రాసి, నాలుక చివర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

"ఊఁ. కఠోరమైన దారి. ఎన్ని రోజులు పట్టింది?"

"అది... దారి కఠోరమే సార్," అన్నాడు ఫెర్గస్.

గాలి అటునుంచి వీచింది. గడ్డంలోంచి కొబ్బరి వాసన గుప్పుమంది. టెగన్ ఆ గడ్డాన్ని తేరిపార చూసింది.

"సాక్షి!" అని పిలిచారు వార్విక్ గారు. సంఘం పుస్తకం తెరిచి ఆమె చేతికి కలం ఇచ్చారు. "ఏడు రాత్రులు! ప్లగ్గు లేకుండా! వేడినీళ్ళు లేకుండా! అవునా?"

అందరూ చూస్తున్నారు. ఫెర్గస్ కూడా చూస్తున్నాడు. కనుబొమల్లో ఎర్రమట్టితో, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ స్కూలు పిల్లాడిలా చూస్తున్నాడు. 'అవును' అనడానికి టెగన్ గాలి పీల్చింది. మెడ దగ్గర వేడి మొదలైంది. కాలర్ దాటింది. చెవుల వైపు ఎగబాకుతోంది...

గబగబా రాసేసి కలం కింద పెట్టింది.

వార్విక్ గారు పైకి చదివారు. "నాలుగు గంటల... పది నిమిషాలు?"

ఫెర్గస్ అక్కడే ఇసకలో కూర్చుండిపోయాడు.

"క్షమించు ఫెర్గ్," అంది టెగన్. "నా వల్ల కాలేదు."

అతను ఆమె మెడ వంక చూశాడు. "నాకు తెలుసులే. చేతిదాకా రాకముందే మెడ చెప్పేస్తుంది."

"ద్రోహం!" అని గర్జించారు వార్విక్ గారు. "ఈ సంఘం పన్నెండేళ్ళ చరిత్రలో ఇంతటి మోసం ఎరగం! నిజాయితీయే ఊపిరిగా, దుమ్మే ధ్వజంగా బతుకుతున్న మన మధ్య ఇలాంటి... ఈ క్షణమే ఇతని పేరు కొట్టి..."

"స్మిత్ గారూ!"

తొమ్మిదిమంది మగవాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరిగారు.

ఇసక దారిలో బ్యాటరీ బండి మీద నోలీన్ నిలబడి ఉంది. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో జుట్టు ఆరబెట్టుకునే మిషను.

"మూడో క్యాబిన్ స్మిత్ గారూ, గడ్డం ఆరబెట్టుకునే మిషను మర్చిపోయి వచ్చారు! మిగతా స్మిత్‌లందరూ కూడా ఇక్కడే ఉన్నారా? ఎంత బాగుంది! పదకొండు గంటలకి ఆడవాళ్ళ టెన్నిస్ పోటీ ఉంది. పొద్దున లేచి చూస్తే కోర్టు లేదు! నెట్టు ఒక్కటే గాల్లో వేలాడుతోంది! రోడ్డు మీద ఎర్రగా రాలిన చుక్కలు చూసుకుంటూ ఎనిమిది కిలోమీటర్లు వచ్చాను. ఇప్పుడు మీరంతా నా కోర్టుని నా కోర్టులో పెడతారా, లేక పూర్తి పేర్లతో రిజిస్టరు చదవమంటారా?"

ఆ తర్వాత అరగంటలో అక్కడ జరిగినంత క్రమశిక్షణ గల కార్యక్రమం సంఘం చరిత్రలో లేదు. తొమ్మిది ఎర్రబండ్లు బ్యాటరీ బండి వెనక బుద్ధిగా వెళ్ళాయి. తొమ్మిదిమంది నిజ క్యాంపర్లు కుంచెలతో, చీపుళ్ళతో తమ తమ సాహసయాత్రలని దులిపి కోర్టులో పోశారు. భార్యలు కుర్చీలు, చల్లటి బీర్లు తెచ్చుకుని వరసగా కూర్చున్నారు.

"ఎడమకి దులుపు గురూ!" అని అరిచింది కుక్కపిల్ల ముసలావిడ.

వార్విక్ గారు మట్టి చదును చేసే రోలరు లాగుతూ ఫెర్గస్ పక్కకొచ్చారు. గొంతు తగ్గించారు.

"బాబూ... నిజంగానే నాలుగు గంటలున్నావా?"

"పది నిమిషాలు కూడా సార్."

"టెంటు వేశావా? విప్పి?"

"వేశాం. అందులో ఉడుము పడుకుంది."

రోలరు ఆగిపోయింది. చీపుళ్ళన్నీ ఆగిపోయాయి.

"నిజం ఉడుమా?" అన్నారెవరో చీపురు గుండెకి హత్తుకుని. "కళ్ళారా చూశావా?"

"మాట్లాడాను," అన్నాడు ఫెర్గస్.

వార్విక్ గారు టోపీ తీసేశారు. "నా టెంటు పన్నెండేళ్ళుగా సంచిలోనే ఉంది," అన్నారు. "ఈ సమ్మేళనానికి తప్ప మాలో ఎవ్వరూ తీరంలో బండి కూడా దిగలేదు. నాలుగు గంటల పది నిమిషాలు! మిత్రులారా, ఇది రికార్డు!"

బేస్‌లైన్ మీదే అత్యవసర సమావేశం జరిగింది. నాలుగు నిమిషాల్లో, ఏకగ్రీవంగా, ఫెర్గస్ తూర్పు తీర నిజ క్యాంపర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. బ్యాడ్జి గుచ్చారు. అతను నెట్టు పక్కన అంపైరు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"మిత్రులారా! అబద్ధాల దుమ్ము ఈరోజుతో దులిపేశాం! వచ్చే జనవరి నుంచి మన సంఘంలో నిజంగా నిజమైన క్యాంపింగ్! ప్లగ్గులొద్దు! క్యాబిన్లొద్దు! ప్రకృతి, మనం, అంతే!"

చప్పట్లు దద్దరిల్లాయి. ఆ చప్పట్ల మధ్యలోంచి సభ్యులు ఒక్కొక్కరే పార్కు ఆఫీసు వైపు జారుకోవడం అంపైరు కుర్చీ మీంచి కనిపించలేదు గానీ, టెగన్‌కి కనిపించింది. ప్రకృతి! మళ్ళీ ఉడుము! ఆమె కూడా ఆఫీసుకి పరిగెత్తింది.

"నోలీన్ గారూ, వచ్చే జనవరికి ఒక సైటు రాయండి. ఈసారి అసలు పేరు మీదే రాయండి, మాకు దాచేదేం లేదు."

నోలీన్ చెవి వెనక పెన్సిలు తీసి రిజిస్టరు తిరగేసింది.

"అసలు పేర్లకి ఖాళీల్లేవమ్మాయ్. అన్నీ స్మిత్‌లకే అయిపోయాయి."

"అయ్యో, ఒక్కటి కూడా లేదా? మా పదిహేడు?"

"అదా? అది ఇందాకే మీ ఆయన పెట్టించుకున్నాడు. ఆ కుర్చీ ఎక్కే ముందే, పరిగెత్తుకొచ్చి. వేడినీళ్ళ పక్కదే కావాలన్నాడు."

టెగన్ బయటికొచ్చేసరికి ఫెర్గస్ ఎదురొచ్చాడు. బ్యాడ్జి ఎండలో తళతళలాడుతోంది.

"ఎలా ఉంది నా ప్రసంగం? మనస్ఫూర్తిగా చెప్పినట్టు లేదూ?"

"ప్రతి మాటా గుండెల్లోంచి వచ్చింది," అంది టెగన్.

మెడ దగ్గర మొదలై, గడ్డం దాటి, చెవుల చివరిదాకా ఎరుపు పాకింది.

"అయ్యో, ఎండ దెబ్బ కొట్టేసినట్టుంది," అన్నాడు అధ్యక్షుడు గారు, ఆమెకి సన్‌స్క్రీన్ డబ్బా అందిస్తూ. "పద, ఏసీలో కూర్చుందాం."